“ఇంజను వేడెక్కిందండీ”: సాగర్ నీళ్ళ మీద ఒక సరంగు ఆడిన అబద్ధం

విజయపురి సౌత్ రేవులో ఇప్పుడు బోటు నడిపే కుర్రాళ్ళలో సగం మంది నా చేతికింద పని నేర్చుకున్నవాళ్ళే. ఈ మాట నేను పెళ్ళి భోజనాల దగ్గర చెబుతుంటాను. రాయడానికి కూర్చుని పేర్లు తలుచుకుంటే ఇద్దరే తేలారు. వాళ్ళలో ఒకడు నేర్చుకున్నది ఈత. అది కూడా నేను నేర్పింది కాదు, వాడే నీళ్ళలో పడ్డాడు.

నా పేరు మస్తాన్. మాది మాచర్ల. మా నాన్నకు బస్టాండు వెనక ఆయిలింజన్లు బాగుచేసే షెడ్డు ఉండేది. బావుల దగ్గర నీళ్ళు తోడే ఇంజన్లు విప్పుతూ, బిగిస్తూ పెరిగాను. పెళ్ళయిన ఏడాది సాగర్ రేవుకు ఒక లాంచీ ఇంజను బాగుచేయడానికి వచ్చి, అక్కడే ఉండిపోయాను. మొదట మెకానిక్కుని, తర్వాత సరంగుని. సరంగంటే బోటు నడిపేవాడు. బోటు ఓనరుది, ప్రయాణం కస్టమరుది. ఏదైనా జరిగితే మాత్రం అది సరంగుదే.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళూ, బోటు మాట్లాడుకోవడానికి ఫోను చేసేవాళ్ళూ నన్ను ఒకటే అడుగుతారు: “అక్కడ ఏముంటది?” ఇద్దరికీ కలిపి ఇది రాస్తున్నాను. నా గొప్పలు కొన్ని ఉంటాయి. వాటిని చెప్పాక వెనక్కి తీసుకుంటాను. వెనక్కి తీసుకోలేనిది ఒకటుంది. నా పక్కన పదమూడేళ్ళు పనిచేసిన సైదులు అనే మనిషికి నా వల్ల పని పోయింది. అసలు చెప్పదలచుకున్నది అదే. కాస్త చుట్టు తిరిగి వస్తాను.

బోటు మాట్లాడుకునేవాళ్ళకు

మా బోటును రేవులో అందరూ రూముల బోటు అనేవాళ్ళు. మా ఓనరు వీరయ్యగారిది మాచర్ల దగ్గర నాపరాళ్ళ క్వారీ. ఆయన కేరళ వెళ్ళి అక్కడి పడవ ఇళ్ళు చూసొచ్చి, మనకెందుకు ఉండకూడదని కట్టించాడు. కింద రెండు గదులు, వెనక వంటిల్లు, దాని కింద ఇంజను. పైన ముందువైపు స్టీరింగు, రేకుల నీడ, పది పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు. పొద్దున ఎనిమిదికి ఎక్కితే సాయంత్రం అయిదుకు దింపుతాం. వంట మాదే.

ఫోటోలో చూసి వచ్చేవాళ్ళకు ముందే చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫోటోలో ఇంజను చప్పుడు వినపడదు. గదిలో ఫ్యాను జనరేటరు నడిస్తేనే తిరుగుతుంది, జనరేటరు నడిస్తే పక్కవాడి మాట వినపడదు. బాత్రూములోకి లావుపాటి మనిషి వెళ్తే, తలుపు వేసుకోవడానికి ముందు కూర్చోవాలి. లైఫ్ జాకెట్టు మెడ దగ్గర గీరుకుంటుంది. గీరుకున్నా విప్పకూడదు. రేవు దాటి గంటన్నర పోయాక కొండల సందులో సెల్లుకు సిగ్నలుండదు. మలుపు తిరిగితే మళ్ళీ వస్తుంది.

మొదటి గంట అందరూ ఫోటోలు దిగుతారు. రెండో గంటలో కొండలన్నీ ఒకటేలాగా ఉన్నాయంటారు. మూడో గంటలో ఇంటి దగ్గర సగంలో ఆపి వచ్చిన తగాదా మళ్ళీ మొదలవుతుంది. ఇంట్లోనైతే ఒకరు విసురుగా లేచి బజారుకు పోతారు. ఇక్కడ పోవడానికి మేడ మెట్లే ఉంటాయి. కాబట్టి మీరు ఎవరితో వస్తున్నారన్నది ఏం చూస్తారన్న దానికన్నా ముఖ్యం.

ఆ మూడో గంట కోసమే నేను కథలు దాచిపెట్టుకునేవాణ్ణి. నీళ్ళు నిలకడగా ఉన్న రోజున అడుగున మునిగిపోయిన పాత పట్నం వీధులు కనపడతాయనీ, నేను రెండుసార్లు చూశాననీ చెప్పేవాణ్ణి. మోచేతి వరకు ముంచితే వేళ్ళు కనపడని నీళ్ళవి. అయినా పిల్లలు కమ్మీల మీంచి వంగి, “కనపడింది, కనపడింది” అనేవాళ్ళు. ఒకసారి నరసరావుపేట కాలేజీ లెక్చరరుగారికి కూడా కనపడింది.

ఇక నీళ్ళ సంగతి. పొద్దున సాగర్ అద్దంలా ఉంటుంది. అది చూసి ఎవరూ మోసపోకూడదు. గాలి మధ్యాహ్నం తర్వాత లేస్తుంది. లంగరు ఉంది కదా, వేసుకుని ఆగొచ్చు కదా అంటారు. నడిమధ్యలో మా లంగరు తాడు అడుగుకు అందదు. ఒడ్డు దగ్గరే దానికి పని. నడిమధ్యలో ఇంజను ఆగిన బోటు గాలి ఎటు తోస్తే అటు పోతుంది. ఒడ్డున ఎక్కువ చోట్ల ఉండేది ఇసక కాదు, రాయి.

సరంగు అబద్ధం

కస్టమరు ఎప్పుడూ ఇంకొంచెం ముందుకు పోదామంటాడు. “గాలి లేస్తదండీ, ప్రమాదం” అని మొదట్లో నేను నిజమే చెప్పేవాణ్ణి. పల్నాడు మనిషితో ప్రమాదం అనే మాట అనకూడదు. పెళ్ళాంబిడ్డల ముందు అసలనకూడదు. “మమ్మల్ని ఏమనుకుంటన్నావ్?” అని, ఇంకో మైలు ఎక్కువ పోదామంటాడు. తర్వాత ఓనరుకు ఫోను చేసి, మీ సరంగు పిరికివాడని చెబుతాడు.

అందుకని రేవులో మేమంతా ఒక మాట అలవాటు చేసుకున్నాం. “ఇంజను వేడెక్కిందండీ.” ఆ మాటకు ఎవరి పరువూ పోదు. భయపడింది కస్టమరు కాదు, సరంగూ కాదు, ఇంజను. బోటు తిప్పుకుని అందరం పెద్దమనుషుల్లా ఇంటికి పోతాం.

ఆ మాటకు సాక్ష్యం చూపించే పద్ధతి మాత్రం నేను కనిపెట్టాను. ఇందులో గొప్ప లేదు. బోటు ఇంజను ఏటి నీళ్ళతోనే చల్లబడుతుంది. అడుగు నుంచి ఒక గొట్టం నీళ్ళు లోపలికి లాగుతుంది. దారిలో నాచు పట్టే జాలీ, దాని పక్కన ఒక వాల్వు ఉంటాయి. ఆ వాల్వు ముప్పాతిక మూసేస్తే ఇంజనుకు నీళ్ళు అందక, స్టీరింగు దగ్గరున్న గేజీలో ముల్లు ఎర్రగీత వైపు జరుగుతుంది. అప్పుడు కస్టమరును పిలిచి చూపిస్తాను. ఆయన నాలిక చప్పరిస్తాడు. బోటు తిరిగాక నేను కిందికి దిగి వాల్వు తెరుస్తాను.

ముల్లు పైకి పోతే కూత పెట్టే బజరు కూడా ఒకటుండేది. అది మోగితే ఆడవాళ్ళు, పిల్లలు బెదిరిపోతున్నారని దాని వైరు పీకి, చివరలకు టేపు చుట్టి పెట్టాను. ఈ సంగతి ఓనరుకు తెలియదు.

ఆయనకు తెలిసింది ఫోను సంగతి. మరీ మొండి కస్టమరైతే ఆయన ఎదురుగానే వీరయ్యగారికి ఫోను చేసి, “ఇంజను వేడెక్కిందండీ, చిన్న బోటు పంపించండి” అనేవాణ్ణి. ఆయన అటునుంచి గట్టిగా, “ఇప్పుడే పంపిస్తన్నా” అనేవాడు. పంపించేవాడు కాదు. అదీ మా ఏర్పాటు.

కార్తీకమాసం, ఆదివారం

ఆ రోజు బోటు మాట్లాడుకున్నది వినుకొండలో హార్డువేరు షాపు నడిపే నరసింహారావుగారు. వనభోజనాలకని పెద్దా చిన్నా కలిసి పదకొండు మంది వచ్చారు. ఆయన తల్లి అంజమ్మగారు డెబ్భై దాటిన మనిషి. ఎక్కగానే లైఫ్ జాకెట్టు కట్టుకోమంటే, “ఏమయ్యా సాయిబూ, నీ బోటు మీద నీకే నమ్మకం లేదా?” అంది. అంటూనే కట్టుకుంది. సైదులు వంకాయ కూర, పులిహోర, పెసర వడలు చేశాడు. బోటులో వంట, తాళ్ళు, జాలీ కడగడం వాడి పనులు. వాడికి సరంగు లైసెన్సు కూడా నాలుగేళ్ళ నుంచి ఉంది. నా సీటు ఖాళీ కాక వంట చేస్తున్నాడు.

సముద్రంలో ఎక్కడో వాయుగుండం ఉందని పొద్దున అన్నారు. పదకొండు దాటేసరికి తూర్పున మబ్బు రంగు మారింది. నరసింహారావుగారు కొండల సందు దాటి అవతలికి పోదామన్నారు.

“వద్దులెండి, ఇక్కడే మంచి రేవుంది, భోజనాలకు ఆపుదాం” అన్నాను.

“ఇంతదూరం వచ్చింది అన్నం తినడానికా? అదేదో మా పెరట్లో తినేవాళ్ళం గదా. పోనీయ్!”

నేను కిందికి దిగి వాల్వు ముప్పాతిక మూశాను. పది నిమిషాల్లో ముల్లు జరిగింది. ఆయన్ను పిలిచి చూపించాను. నాలిక చప్పరించాడు. అంతా ఎప్పటిలాగే జరిగింది. బోటు తిప్పి, ఒడ్డు పక్కన ఆపి, ఇంజను కట్టేశాను. భోజనాలయ్యాయి.

ఇక్కడ నేను ఏళ్ళ తరబడి చెప్పిన కథ ఒకటుంది. తిరుగు ప్రయాణంలో అయిదు కేజీల చేప గొట్టంలోకి దూరి నీళ్ళు ఆగిపోయాయని చెప్పేవాణ్ణి. వినేవాళ్ళను బట్టి ఏడు కేజీలు కూడా అయ్యేది. చేప లేదు. వాల్వు తెరవడం మరిచిపోయాను.

మరిచిపోయానన్నది కూడా పూర్తిగా నిజం కాదు. బయల్దేరేముందు సైదులు గిన్నెలు తోముతూ వంటింట్లోంచి కేకేశాడు.

“మావా, వాల్వు తిప్పినావా?”

నేను మేడ మీద పిల్లలకు అడుగున ఉన్న పట్నం చూపిస్తున్నాను. “తిప్పాన్లేరా” అన్నాను. కిందికి దిగబుద్ధి కాలేదు. తర్వాత దిగొచ్చులే అనుకున్నాను.

ఎదురుగాలి. పూర్తి జోరు మీద నడిపితే తప్ప బోటు ముందుకు కదలడం లేదు. పిల్లలు పక్కనే ఉన్నారు, నేను వెనక్కి తిరిగి మాట్లాడుతున్నాను, ముల్లు నా వీపు వెనక ఉంది. బజరు మోగలేదు. మోగే వీలు లేదు. కాలిన వాసన వచ్చేసరికి ఇంజను ఒక్క కుదుపు కుదిపి, పట్టేసి ఆగిపోయింది. తర్వాత గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

“ఇంజను వేడెక్కిందండీ” అన్నాను.

“పొద్దున కూడా ఎక్కింది గదయ్యా” అన్నాడు నరసింహారావుగారు, కుర్చీలోంచి లేవకుండానే. “చల్లారనీయ్, పోదాం.”

వీరయ్యగారికి ఫోను చేశాను.

“ఇంజను పట్టేసిందండీ. చిన్న బోటు పంపించండి.”

“అట్టనే, ఇప్పుడే పంపిస్తన్నా” అన్నాడు గట్టిగా. ఆ గొంతు నాకు తెలుసు.

“అది కాదండీ, నిజంగా పట్టేసింది.”

“నాకు అర్థమైందిలే మస్తానూ, పక్కనే నిలబడ్డాడా? పంపిస్తన్నానని చెప్పు ఆయనకి.” పెట్టేశాడు.

మళ్ళీ చేశాను. ఆయన నవ్వుతున్నాడు. “బాగా చేస్తన్నావ్ రా ఇయ్యాల” అన్నాడు. మూడోసారి చేసేసరికి బోటు కొట్టుకుపోయి కొండ చాటుకు వచ్చింది. సిగ్నలు లేదు.

గాలి మమ్మల్ని పక్కకు, వెనక్కి తోస్తోంది. అరమైలు దూరంలో నల్లటి రాతి కొమ్ము ఒకటి నీళ్ళలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. దానికి కొట్టుకున్న చేపల పుట్టిని నేను చూశాను. మాది పుట్టి కంటే బరువైన బోటు, పదమూడు మంది. నరసింహారావుగారు అప్పటికి లేచి నిలబడ్డాడు. “నువ్వు ఫోను చేసిన బోటు ఏదయ్యా?” అంటే నేను వస్తందండీ అన్నాను. అది రాదని తెలిసీ అన్నాను.

సైదులు వంటింట్లోంచి వచ్చి ఒకసారి కొమ్ము వైపు, ఒకసారి నా వైపు చూశాడు. అందరినీ గదుల్లోంచి బయటికి తెచ్చి, జాకెట్ల బకిళ్ళు ఒక్కొక్కటీ లాగి చూశాడు. “రాదండీ బోటు. మనమే ఏదన్నా చెయ్యాల” అన్నాడు వాళ్ళతో. అంజమ్మగారు, “ఇంతసేపటికి ఒకడు నిజం చెప్పాడు” అంది.

సైదులు లంగరు వేసి చూశాడు, రాతి అడుగున అది పట్టలేదు. కొమ్ముకు కాస్త ఇవతల ఒడ్డు పక్కన నీళ్ళలో ఒక ఎండు మద్ది మోడు నిలబడి ఉంది. బోటు దాని ముందుగా పోబోతోంది. సైదులు బోటు ముందు కట్టిన పెద్ద తాడు నడుముకు చుట్టుకుని దూకాడు. మోడు దాకా ఈది, రెండు చుట్లు వేసి ముడి బిగించాడు. తాడు తడిబట్ట పిండినట్టు కిర్రుమంది. వెనక భాగం తిరిగి, కొమ్ముకు నాలుగైదు గజాల ఇవతల బోటు ఆగింది.

ఆ దూకింది నేనేనని చాలామందికి చెప్పాను. మా అల్లుడికి కూడా చెప్పాను. నేను అప్పుడు స్టీరింగు రెండు చేతులా గట్టిగా పట్టుకుని ఉన్నాను. ఇంజను లేని బోటుకు దానివల్ల ఉపయోగం లేదు.

రెండు గంటల తర్వాత చేపల మరబోటువాళ్ళు చూసి, మమ్మల్ని లాక్కొచ్చి రేవులో పడేశారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ రెండు గంటల్లో సైదులు ఒకసారి తడిబట్టలతోనే ఇంజను గదిలోకి దిగి, పైకొచ్చాడు.

జాలీ ఎవరు కడగాలి?

మర్నాడు మాచర్ల నుంచి మెకానిక్కు వచ్చి ఇంజను విప్పాడు. నీళ్ళందక పట్టేసిందన్నాడు. వాల్వు చూశాడు. పూర్తిగా తెరిచి ఉంది. సైదులు ఇంజను గదిలోకి ఎందుకు దిగాడో నాకు అప్పుడు తెలిసింది. మెకానిక్కు జాలీ కూడా చూశాడు. దాంట్లో గుప్పెడు నాచు ఉంది. అది ఏ రోజు చూసినా గుప్పెడు ఉంటుంది. ఇంజను ఆగేంత కాదు. కానీ వాల్వు తెరిచి ఉంటే ఇక మిగిలింది జాలీయే.

వీరయ్యగారు మంచి బాసు అని నేను ఇప్పటికీ అంటాను. జీతం ఆపేవాడు కాదు, తిట్టినా పండక్కి బట్టలు పెట్టేవాడు. ఆయనకున్న లోపం ఒక్కటే, తప్పు జరిగితే సాయంత్రంలోపు ఎవరిదో తేలాలి. తను ఫోనులో నవ్విన సంగతి ఆయన్ను కూడా తినేస్తున్నట్టుంది. అందుకే ఇంకా తొందరపడ్డాడు.

“జాలీ ఎవడు కడగాల?” అన్నాడు.

“నేనేనండీ” అన్నాడు సైదులు.

“కడిగినావా?”

“కడిగానండీ.”

“కడిగితే ఇదేంది?” గుప్పెడు నాచు వాడి కాళ్ళ ముందు పడేశాడు. “పదకొండు మందిని చంపేవాడివి గదరా!”

సైదులు నావైపు చూడలేదు. చూసి ఉంటే చెప్పేవాణ్ణని చాలాకాలం అనుకున్నాను. ఆ మాట కూడా అనుమానమే. వాడు తువ్వాలు దులుపుకుని, వంటింట్లో ఉన్న తన కత్తిపీట తీసుకుని దిగిపోయాడు. ఆ వారంలోనే చిలకలూరిపేటలో పత్తి మిల్లులో బేళ్ళు మోసే పనికి కుదిరాడని రేవులో చెప్పుకున్నారు.

నిజం చెప్పబోతే

నా మనసు ఊరుకోక మూడోనాడే ఓనరు దగ్గరికి పోయి నిజం ఒప్పుకున్నానని రాయాలని ఉంది. రాస్తే ఎవరూ కాదనరు. పోయింది పదకొండో రోజున. అది కూడా అంజమ్మగారి ఫోను వల్ల. బోటు బోర్డు మీద ఉన్న నంబరు నాదే.

“ఏమయ్యా, తాడు కట్టుకొని దూకాడే, ఆ అబ్బాయి పేరేంది?”

“సైదులమ్మా.”

“వాడికి ఒక పంచె, చొక్కా తీసి ఉంచాం. మా వాడు మాచర్ల వస్తన్నాడు, ఇచ్చి పంపిస్తా. ఒకసారి ఫోను వాడికియ్యి, మాట్లాడతా.”

“ఇక్కడ లేడమ్మా. ఇంజను దగ్గరున్నాడు.”

“మళ్ళీ వేడెక్కిందా?” అని, ఫోను పెట్టేసింది.

ఆ మధ్యాహ్నం క్వారీకి పోయాను. వీరయ్యగారు రాళ్ళ లారీ దగ్గర ఉన్నారు. వాల్వు నేనే మూశాననీ, సైదులు అడిగినా తెరవలేదనీ చెప్పాను. ఆయన పూర్తిగా విని నా భుజం మీద చెయ్యి వేశాడు.

“నీది మంచి మనసు రా మస్తానూ. వాడి కోసం నీ మీద ఏసుకుంటన్నావ్.”

“కాదండీ, నిజంగా నేనే.”

“వాల్వు తెరిచే ఉంది గదరా, నేను చూడలా?”

“సైదులు తెరిచాడండీ. నా తప్పు బయటపడకుండా.”

“చూశావా, కథ ఎంత బాగా అల్లావో! అయిదు కేజీల చేపంటివి మొన్న.” నవ్వాడు. “పో, పోయి పని చూసుకో.”

ఒట్టు పెట్టబోయాను. “నీ ఒట్లు నేను ముప్పై ఏళ్ళ నుంచి చూస్తన్నా” అన్నాడు.

ముప్పై ఏళ్ళలో నేను చెప్పిన నిజాల్లో ఆయన నమ్మనివి రెండే, ఆ రోజు ఫోనులో చెప్పింది, ఇదీ. ఆయన్ను బతిమాలి, జీపు ఎక్కించి రేవుకు తీసుకొచ్చాను. బాగుచేసిన ఇంజను అప్పటికే బిగించి ఉంది. స్టార్టు చేసి, ఆయన్ను గేజీ ముందు నిలబెట్టి, కిందికి దిగి వాల్వు మూశాను. ముల్లు జరగడం మొదలుపెట్టింది. నేను పైకొచ్చేసరికి ఆయన ముల్లు వైపే చూస్తున్నాడు. ముల్లు ఎర్రగీత ముట్టుకుంది.

“ఇంత పైకి పోతే బజరు మోగాల గదా?” అన్నాడు.

గేజీ బోర్డు విప్పి, టేపు చుట్టిన వైరు చివరలు చూపించాను. దుమ్ము పట్టి, టేపు జిగురు నల్లబడి ఉంది. అది నిన్నా మొన్నా పీకిన వైరు కాదని ఎవరికైనా తెలుస్తుంది. నా మాట కంటే ఆ టేపునే ఆయన నమ్మాడు.

“వాల్వు తెరువు” అన్నాడు. తెరిచాను. “ఇంజను ఆపు.” ఆపాను. “దిగు.” దిగాను.

తనూ గట్టు మీదికి దిగాడు. తర్వాత, “నేను పోయి పిలిస్తే వాడు రాడు. నువ్వు పో. చుక్కాని వాడు పట్టుకుంటాడు. నీకిష్టమైతే వంట చెయ్యి, లేకపోతే ఇంటికి పో” అన్నాడు. తన ఫోను సంగతి ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

చిలకలూరిపేటలో

మిల్లు ముందు పత్తి ట్రాక్టర్లు ఆగి ఉన్నాయి. సైదులు తలకు గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. కనుబొమల మీద దూది నూగు. నన్ను చూసి బేలు దించి, గేటు బయట టీ బంకు దగ్గరికి వచ్చాడు. జరిగింది చెప్పాను. ఈసారి దేనికీ రంగు పుయ్యలేదు. పుయ్యడానికి కూడా ఏమీ కనపడలేదు.

విన్నాక వాడు అడిగింది ఒక్కటే.

“ఎన్నాళ్ళయింది మావా?”

“పదకొండు రోజులు.”

“నువ్వు చెప్తావనుకున్నా. రెండు రోజులకన్నా ఎక్కువ పట్టదనుకున్నా.”

“నువ్వే చెప్పొచ్చు గదరా. వాల్వు ఎందుకు తెరిచినావ్?”

“నువ్వు పనిలో పెట్టినోడివి. నీ సీటు పోగొట్టి కూర్చుంటే నాకు బాగుంటదా?” టీ గ్లాసు కింద పెట్టాడు. “ఇప్పుడు కూర్చుంటా. నువ్వే పోగొట్టుకున్నావ్ గాబట్టి.”

ఇద్దరం బస్సెక్కి, నరసరావుపేటలో బస్సు మారాం. రెండో బస్సులో కూర్చున్నాక, “నీకు వంట వచ్చా మావా?” అన్నాడు. బిర్యానీ నా అంత బాగా మాచర్లలో ఎవరూ చేయరని చెప్పాను. వాడు వినలేదు, కిటికీలోంచి చూస్తున్నాడు. నాకు అన్నం వండటం వచ్చు, గుడ్డు పొరటు చెయ్యడం వచ్చు.

ఆఖరి మూడేళ్ళు

రిటైరైన సరంగునని అందరికీ చెబుతాను. రిటైరయ్యేనాటికి నేను రూముల బోటులో వంటవాణ్ణి. మూడేళ్ళు ఉల్లిపాయలు తరిగాను, గిన్నెలు తోమాను, పొద్దున్నే జాలీ కడిగాను. కడిగిన ప్రతిసారీ గుప్పెడు నాచు వచ్చేది.

సైదులు స్టీరింగు ఎక్కిన రోజునే బజరు వైరు కలిపాడు. అది రెండు నెలలకోసారి ఊరికే కూడా కూస్తుంది. పిల్లలు బెదురుతారు. బెదరనిస్తాడు.

కొత్తగా పనిలోకి వచ్చేవాళ్ళకు చివరగా ఒక రోజు సంగతి చెబుతాను. వాడు సరంగయిన మొదటి నెల. గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి కొండల సందు దాటి పోదామన్నాడు. తూర్పు గాలి తిరుగుతోంది. సైదులు స్టీరింగు దగ్గర నుంచి తల తిప్పకుండా చెప్పాడు.

“గాలి తిరిగిందండీ. ముందుకు పోను.”

“ఈమాత్రం గాలికేనా? భయమా?”

“అవునండీ, భయమే.”

నా సర్వీసులో ఏ సరంగూ కస్టమరుతో అనని మాట అది. ఆ పెద్దమనిషి మేడ మెట్ల మీద నిలబడిన నన్ను చూసి, తెల్లగడ్డం కదా అని, “పెద్దాయనా, మీరన్నా చెప్పండి ఆయనకి” అన్నాడు.

ఇంజను సంగతి నా నాలిక చివర దాకా వచ్చింది. ఒక్క మాటతో ఆ మనిషి పరువు, సైదులు పరువు రెండూ నిలబెట్టగలను. ముప్పై ఏళ్ళు చేసిన పని.

“ఆయన సరంగండీ, నేను వంటవాణ్ణి” అన్నాను. “గాలి తిరిగిందంటే తిరిగినట్టే.”

బోటు తిరిగింది. ఆ పెద్దమనిషి రేవు దాకా మొహం ముడుచుకునే ఉన్నాడు, భోజనం ముట్టలేదు. ఓనరుకు ఫోను చేసి, మీ సరంగు పిరికివాడని చెప్పాడు. వీరయ్యగారు ఏమన్నారో నాకు తెలియదు. చాలాసేపు ఏమీ అనలేదనుకుంటాను, ఎందుకంటే ఆ మనిషి రెండుసార్లు “హలో, హలో” అన్నాడు.

రేవు కనపడుతుండగా సైదులు, “మావా, టీ” అన్నాడు. పెట్టి, తీసుకెళ్ళి చేతికిచ్చాను. ఒక గుటక తాగి, చక్కెర ఎక్కువైందన్నాడు.

ఎక్కువే అయింది.